పిండిమర పైడితల్లి కనీస నిల్వ నోము కథ

పూర్వము రిక్తహస్తుడను ముని, చేతిలో కమండలము తప్ప మరేమియు లేనివాడై, మితవ్యయ మహర్షిని సమీపించి, కలియుగమున జనులు చేతినిండ సంపాదించియు జరిమానాల పాలగుచున్నారే, వారికి తరుణోపాయమేదియని యడిగెను. మహర్షి కన్నులు మూసికొని, "నాయనా, కనీస నిల్వ నోమను నోము కలదు. అది తెలియక చెడి, తెలిసి బాగుపడిన యిల్లాలి కథ చెప్పెదను. వెనుకకు తిరిగి చూడక వినుము" అని యిట్లు చెప్పదొడగెను.

సాలూరు పట్టణమున సన్యాసిరావు, పైడితల్లి అను దంపతులు బ్యాంకు అప్పుతో పిండిమర పెట్టుకొని జీవించుచుండిరి. ఊరి ధాన్యమును వారు పిండి చేయుచుండగా, వారిని బ్యాంకువారు నెలనెల పిండుచుండిరి. అయిదవ తేదీ తెల్లవారుసరికి ఖాతాలో వాయిదా సొమ్ము ఉండవలెను. లేనిచో జరిమానా.

పైడితల్లికి పట్టింపులు మెండు. మంగళవారము, శుక్రవారము, అమావాస్యలలో ఇంటి నుండి పైసా కదలనీయదు. ఒకయేడు ఫిబ్రవరి నెల నాలుగవ తేదీ శుక్రవారమాయెను. మగడు సొమ్ముతో బయలుదేరగా నామె గుమ్మమునకు అడ్డము నిలిచెను.

"సుక్కురోరం పూట లచ్చిందేవిని గుమ్మం దాటిస్తావేటి మావా?"

"దాటించకపోతే బేంకోడు మన గుమ్మం ఎక్కుతాడే!"

"ఎక్కనీ. మంచినీళ్ళిచ్చి పంపేద్దుము."

సొమ్మును పసుపుగుడ్డలో మూటగట్టి లక్ష్మీపటము ముందుంచెను. మరునాడు వాయిదా వాపసు, జరిమానా. ఆలస్యముగ కట్టిన సొమ్ములో జరిమానా ముందుగా తన ముద్ద తాను తినెను. మిగిలినది వాయిదాకు చాలదాయెను. ఆనాటి నుండి మరలో కుంచెడు బియ్యము పోసిన సగము పిండియే రాలుచుండెను. మిగతాది ఎవలు మింగీసినారని జనులు దెప్పిరి.

మరుసటి నెలయు నాలుగవ తేదీ శుక్రవారమే. మరల మూట, మరల జరిమానా. ఈమారు నేలపై పేరిన తెల్లని పిండిలో పాదముల జాడలు కనబడెను. వీధి నుండి లోనికి వచ్చినవే గాని, వెలుపలికి పోయినది ఒక్కటియు లేదు.

మూడవ నెల ఆ తేదీకి అమావాస్య వచ్చెను. జరిమానాకు జరిమానా పుట్టెను. వచ్చు శుక్రవారము సాయంకాలములోగా బకాయి తీర్చనిచో మరను తరలింతుమని బ్యాంకువారు కాగితము పంపిరి. సన్యాసిరావు మేకలనమ్మి సొమ్ము కూర్చెను. అది గురువారము పొద్దుగూకిన పిదప గాని చేతికందలేదు. తెల్లవారిన శుక్రవారము! పైడితల్లి మూట కదలనీయలేదు. అతడు ఒక్క దినము గడువు బతిమాలుకొన బ్యాంకునకు పోయెను.

మిట్టమధ్యాహ్నము. కరెంటు లేదు. వీధిలో కాకి అరుపు కూడ లేదు. అట్టి వేళ మరగదిలో మర తిరుగు చప్పుడు వినబడెను. పైడితల్లి తలుపు త్రోసి చూడగా, పొడవాటి ముసలామె యొకతె ఖాళీ చేటను మరలోనికి చెరుగుచుండెను. క్రింద బూడిద వంటి పొడి రాలుచుండెను.

"కరెంటు నేదు కదమ్మా... ఎలాగ తిరగతంది?"

"ఖాళీని ఆడించడానికి కరెంటెందుకే?" ముసలామె తల త్రిప్పలేదు. "నన్నెరగవా? లచ్చిందేవికి అప్పని, పెద్దమ్మని. నా చెల్లిని ఇక్కడ మూటగట్టి, అక్కడ కాతా ఖాళీగా ఒగ్గేసినావు. ఖాళీ అంటే నాకు పీట. ముమ్మారు పీటేసినావు, వచ్చి కూకున్నాను."

పైడితల్లి చేతులు జోడించెను. "ఎలాగెల్తావు తల్లీ?"

"ఆ పీట మీద నా చెల్లి కూకుంటే నాను లెగుస్తాను. ఇద్దరికీ ఒక్క పీట పడదు. బేంకు నాలుగింటికి మూసేస్తారు. నాకైతే తొందర నేదు."

పైడితల్లి మూట రొమ్మున హత్తుకొని పరుగిడెను. పుట్టి బుద్ధెరిగి శుక్రవారము సొమ్ముతో గుమ్మము దాటని కాలు, దాటునపుడు ముమ్మారు వెనుకకు గుంజెను. బ్యాంకులో చేతులు కట్టుకొని నిలిచిన మగడు నోరు వెళ్ళబెట్టెను.

"ఏటే! సుక్కురోరం కాదేటి?"

"లచ్చిందేవిని అత్తోరింటికి అంపుతన్నాను. నోరు మూసుకుని కట్టు మావా."

బకాయి, జరిమానా పోగా మిగిలిన వేయి రూపాయలను ఖాతాలోనే విడిచి, ఎన్నటికిని ముట్టనని ఆమె ప్రమాణము చేసెను. వారు ఇల్లు చేరుసరికి మర ఆగియుండెను. కరెంటు వచ్చిన పిదప కుంచెడు బియ్యము పోయగా కుంచెడు పిండియు రాలెను. ఏడాదికి వారు కారము ఆడించు మర కూడ కొనిరి.

కావున రిక్తహస్తా, వాయిదాకు మూడు దినముల ముందే, వారవర్జ్యములు చూడక, సొమ్ము ఖాతాలో చేర్చవలెను. అడుగున కొంత నిల్వ అక్షయముగ నుంచవలెను. అప్పు తీరిన పిదప బాకీ లేదను పత్రము తెచ్చుకొనుటయే ఉద్యాపనము. ఈ నోమును జీతగాండ్రు, చిల్లర వర్తకులు, ఆటోలవారు, చీటీ పాడినవారు, ముఖ్యముగ రేపు కట్టుదములెమ్మనువారు చేయవలెను. చేసినవారికి ఫోను మ్రోగిన గుండె మ్రోగదు. నిల్వ గలవారికి నిలువనీడ గలుగును. కథ విన్నవారు అక్షతలు తలపై వేసికొని, తాము కూర్చున్న పీటపై పిడికెడు బియ్యముంచి మరీ లేవవలెను. ఖాళీ పీటపై, మనము లేచిన మరుక్షణమున, ఎవరు కూర్చుందురో చెప్పజాలము.