సాంచాల కాడి మాట

సిరిసిల్లలో లింబాద్రి అని ఒకాయన ఉండేవాడు, మాట అర్థం కాకపోయినా విన్నట్టే తలూపడం ఆయనకు అలవాటు. ఏళ్ల తరబడి సాంచాలు, అదే, కరెంటు మగ్గాలు నడిపాడు కదా, ఆ మోతకు చెవులు దెబ్బతిన్నాయి. చప్పుడు వినపడేది, మాట తేటపడేది కాదు. మళ్లీ చెప్పమనడానికి సిగ్గు. హోటల్లో అందరూ నవ్వితే తనూ నవ్వేవాడు. పదిమందిలో కూర్చున్నా, పాపం, ఒక్కడే.

ఒకరోజు ఆ హోటల్‌కే పక్క సాంచా మీద పనిచేసిన దోస్తు కనకయ్య వచ్చాడు. టీ గ్లాసులోకి చూస్తూ గబగబా చెప్పాడు: "రేపు మా ఇంటామె లచ్చవ్వకు గుండె ఆపరేషనురా. భయమైతుంది. తోడు రారాదు?"

లింబాద్రి పెద్దగా నవ్వి భుజం చరిచాడు. "మంచిగైంది పోరా!"

కనకయ్య టీ అక్కడే వదిలేసి లేచిపోయాడు. మళ్లీ రాలేదు. ఎదుటి కుర్చీ ఖాళీ. ఎందుకో లింబాద్రికి తెలీదు.

హోటల్ నడిపే నర్సవ్వ ఆ రోజు కనకయ్య మాట విన్నది; అదేంటో చెప్పబోయి ఆయన చెవిలో అరిచి అరిచి అలసిపోయింది. చివరికి చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లి జరిగిందంతా చెప్పింది.

డాక్టరమ్మ ఆయన ముఖంలోకి చూసి, కనకయ్య ఆ రోజు ఏమన్నాడో మెల్లగా చెప్పింది. లింబాద్రి తల పట్టుకున్నాడు.

"అరిస్తే లాభం లేదు, పెద్దాయనా. పెదవులు విడవకముందే గొంతు మోగితే 'బ', విడిచాక మోగితే 'ప'. మధ్యలో రెప్పపాటు కూడా ఉండదు. ఆ కాస్త తేడాను మీ చెవి పట్టలేకపోతోంది. అరిస్తే మోతే పెరుగుతుంది."

"మరి మీ మాట నాకెట్ల తెలుస్తుందమ్మా?"

"ఎదురుగా కూర్చుని విడివిడిగా చెప్తున్నా కదా!"

సాంచాల కాడ కూడా అంతే. ఆ మోతలో అందరూ ముఖం చూసి, నోరు మెల్లగా కదిపి మాట్లాడుకునేవాళ్లు. అక్కడ ఆయనకు ఏ మాటా పోలేదు.

తిన్నగా కనకయ్య ఇంటికి పోయాడు. "నాకు వినపడలేదురా. విన్నట్టు నటించిన. సాంచాల కాడ చెప్పినట్టు చెప్పు."

కనకయ్య పీట ముందుకు జరిపాడు. తర్వాత ఎదురుగా కూర్చుని, మెల్లగా పెదవులు కదిపాడు.

"లచ్చవ్వ... బాగనే ఉన్నది. ఆ దినం... దవాఖాన బయట... నేను ఒక్కణ్ణే కూసున్న."

ఈసారి ప్రతి మాటా తెలిసింది. లింబాద్రి నవ్వలేదు, తలూపలేదు. అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

నీతి: వినపడలేదని చెప్పడం సిగ్గు కాదు, విన్నట్టు నటిస్తే మనమూ ఒంటరివాళ్లమవుతాం, మనల్ని నమ్మినవాళ్లనూ ఒంటరివాళ్లను చేస్తాం.