అరవై మెట్ల గొయ్యి

అనగనగా ఒక ఊళ్ళో, రాయి తప్ప మరేదీ పండని ఊళ్ళో, రాళ్ళు కొట్టేవాళ్ళ ఇళ్ళు అరవై ఉండేవి. రాజుగారి కోట కోసం కొట్టారు, కొట్టారు, ముప్పై ఏళ్ళు కొట్టారు. కోట లేచింది, కొండ పోయింది. కొండ ఉన్నచోట తాటిచెట్టు లోతు గొయ్యి మిగిలింది. ఊఁ కొడుతున్నారా?

ఆ గోతిలో గొర్రె పడింది. గొర్రె వెనక మేక పడింది. మేక వెనక దూడ పడింది. చివరికి రాజుగారి పల్లకీయే పడింది! ఆయన దూకి బతికాడు గానీ పల్లకీ తునాతునకలు. నవ్వకండర్రా. రాజుకు కోపమొచ్చింది. ఈ ఏటి వానలు వెలిసేలోగా గొయ్యి పూడ్చండి, లేదా అరవై ఇళ్ళవాళ్ళూ ఊరు విడిచి పొండి అన్నాడు.

మగవాళ్ళు తూర్పున మట్టి తవ్వి పడమటనున్న ఆ గోతిలో పోశారు. తూర్పున ఇంకో గొయ్యి పడింది! అదీ వాళ్ళ తెలివి.

అప్పుడు ఆ ఊరి కోడలు ఓబులమ్మ, మట్టితో కాకపోతే నీళ్ళతో నింపుదాం, పక్కన పారే వాగును గోతిలోకి మళ్ళిద్దామంది. అత్త నాగులమ్మ మూతి తిప్పింది.

"కొండలు పిండి చేసిన వంశం మాది. నీళ్ళు మోసే వంశం కాదు!"

కానీ వేరే దారేది? మగవాళ్ళు గునపాలు పట్టుకుని వాగు గట్టు తెంచబోయారు. ఓబులమ్మ గట్టు మీద అడ్డంగా కూర్చుంది. గోతి గోడలు నిట్టనిలువు, నీళ్ళలో పడ్డ పిల్ల దేన్ని పట్టుకుని పైకొస్తుందని అడిగింది. తవ్విన చేతులే మెట్లు కొట్టాలి, ఇంటికో మెట్టు, ఆ తర్వాతే నీళ్ళు అంది.

మబ్బులు కమ్ముకొస్తున్నాయి. ఠంగు ఠంగున ఒక మెట్టు, ఠంగు ఠంగున రెండో మెట్టు, అలా యాభై తొమ్మిది. అరవయ్యోది అత్తగారే కొట్టింది, నోరు మూసుకుని!

గట్టు తెంచారు. వానలన్నాళ్ళూ వాగు గోతిలోకి దూకింది. ఒక పొద్దున వాన వెలిసింది. వాళ్ళను వెళ్ళగొట్టడానికి రాజు ఏనుగెక్కి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే నిలబడిపోయాడు. కొండ తీసినచోట ఆకాశం దిగి కూర్చుంది తల్లీ! తన కోట అందులో తలకిందులుగా వణుకుతోంది. గొర్రె తాగింది. గొర్రె వెనక మేక తాగింది. మేక వెనక దూడ తాగింది. చివరికి రాజుగారి ఏనుగు మోకాళ్ళ మీద వంగి తాగింది.

మెట్ల మీద నాగులమ్మ పిల్లల వీపులకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి, తన పుట్టింటి ఏట్లో నేర్చిన ఈత నేర్పుతోంది. రాజు చెప్పులు విడిచి దిగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"రాజువైతే నీ కోటలో నాయనా. ఇక్కడ ఈత రానివాడు బుర్ర కట్టుకోవాల్సిందే."

రాజు బుర్ర కట్టించుకోవడానికి వీపు తిప్పి నిలబడ్డాడు. ఊరు విడవమన్న మాట ఆ నీళ్ళలోనే కలిపేశాడు.

గొయ్యి తవ్వడం తప్పు కాదర్రా, మెట్టు కొట్టకుండా పోవడం తప్పు. పొద్దున్నే మీరు చిందరవందర చేసిన ఆ బొమ్మలు ఎవరివి వాళ్ళే సర్దాలి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దారి పట్టండి.