పేరు చెప్పని చుట్టం

అనగనగా, ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట ఒక పల్లె. అన్నీ తాటాకు ఇళ్ళే. ఆ ఇళ్ళలోవాళ్ళు దేనికీ భయపడరు, ఒక్క మాటకి తప్ప.

ఆ మాట తుఫాను.

ఆ మాట పైకి అంటే, అది విని వచ్చేస్తుందని వాళ్ళ నమ్మకం. పేరు పెట్టి పిలిస్తే కుక్కపిల్ల పరిగెత్తుకు రాదూ, అలాగన్నమాట. ఎవరైనా పొరపాటున అంటే, గబగబా వాళ్ళ నోట్లో ఉప్పుగల్లు వేసేవారు. టీకొట్టు రేడియోలో ఆ మాట రాబోతోందనిపిస్తే చాలు, కొట్టువాడు దాని చెవి మెలిపెట్టి నోరు మూయించేవాడు.

ఇంకో చిత్రం చూడు. ఊరి చివర మెరక మీద, లావుపాటి స్తంభాల మీద సర్కారువాళ్ళు కట్టిన మేడ ఉంది. పెద్ద గాలీ వానా వస్తే ఊరంతా తలదాచుకోవడానికి కట్టారు. దాని పేరులోనే ఆ మాట ఉంది. అందుకని ఎవరూ దాన్ని పేరు పెట్టి పిలవలేదు. పిలవక పిలవక, అదెందుకుందో కూడా మరిచిపోయారు. అందులో ఎండుచేపల బస్తాలు పెట్టుకున్నారు. చిరిగిన వలలు పడేసుకున్నారు. మేకల్ని కట్టేసుకున్నారు.

ఆ పల్లెకి నూకరత్నం అని ఒక కోడలు వచ్చింది. మెట్ట ఊరి పిల్ల. చేపకి పొలుసు తీయడం కూడా రాదు. పక్కింటి వరహాలమ్మ తిట్టి తిట్టి నేర్పింది.

వరహాలమ్మకి నా అన్నవాళ్ళు లేరు, ఒక నల్ల కోడిపెట్ట తప్ప. మోకాళ్ళు పట్టేసి కర్ర పట్టుకుని నడిచేది. ఏటిగట్టుకి అందరికన్నా దగ్గర ఆవిడ ఇల్లే. ఏరు పొంగితే నీళ్ళు మొట్టమొదట ఎక్కేది ఆ గడపే. అది తలుచుకున్నప్పుడల్లా నూకరత్నానికి ముద్ద దిగేది కాదు.

ఒక ఏడు, దీపావళి వెళ్ళాక గాలి తూర్పుకి తిరిగింది. పీతలు ఇసక వదిలి ఇళ్ళ వైపు పాకాయి. నూకరత్నం టీకొట్టు ముందు నించుంది. కొట్టువాడు రేడియో చెవి మెలిపెట్టేలోపల సగం మాట వింది. సగం చాలదూ?

అప్పుడు చేపలు ఎండేస్తున్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, "తుఫాను వస్తోందట, కప్పులు బిగించుకుందాం" అంది.

అందరూ చెవులు మూసుకున్నారు. వరహాలమ్మ కర్ర నేలకేసి కొట్టింది.

"నోరు ముయ్యవే మెట్టూరిదానా! వేటకెళుతూ ఆ మాటే అన్నాడు మా ఆయన. పడవ ఒడ్డుకొచ్చింది. ఆయన రాలేదు."

అని, తన చేత్తోనే నూకరత్నం నోట్లో ఉప్పుగల్లు వేసింది.

ఆ తర్వాత నూకరత్నం, నోటితో వద్దులే, చేత్తో చూపిద్దాం అనుకుంది. మొగుడు పోలయ్యని ఎక్కించి, కప్పు మీద పాత వల పరిపించింది. నాలుగు మూలలా గుంజలు పాతి తాళ్ళతో బిగించింది. మంచినీళ్ళ బిందెలకి మూతలు కట్టింది. అటుకులు డబ్బాకెత్తింది.

"ఏమే రత్నం, ఇల్లు ఎగిరిపోతుందని కట్టేశావా, పోలయ్య పారిపోతాడని కట్టేశావా?" అని నవ్వారు. నవ్వారేగానీ ఎవరూ తాడు ముట్టలేదు. అలా కట్టుకోవడమంటే ఆ మహాతల్లిని విస్తరి వేసి పిలవడమేనట.

విస్తరి అనేసరికి నూకరత్నానికి ఒకటి తట్టింది. విస్తరి వేసేది చుట్టానికి కదా. చుట్టం వస్తున్నాడని బొట్టు పెట్టి పిలిస్తే, ఆ ఊళ్ళో కాదనే ఇల్లు ఉందా?

మూడోసారి కుంకుమ భరిణె పట్టుకుని గడపగడపకీ బయల్దేరింది.

"వదినా, చుట్టం వస్తున్నాడు. పేరు అడక్కు. మహా బలశాలి, కప్పు బిగించుకో. ఎప్పుడు కదులుతాడో తెలీదు, అటుకులూ నీళ్ళూ మూటకట్టుకో. పిల్లల్ని తీసుకుని మెరక మీద మేడకి రా."

ఆడవాళ్ళు నుదుటి బొట్టు తడుముకున్నారు. ఆ చుట్టమెవరో వాళ్ళకి తెలీక కాదు. కానీ పేరు ఎవరూ అనలేదు కదా. బొట్టు పెట్టించుకున్నాక వెళ్ళకపోతే మర్యాదా?

అప్పుడు మేడ మీంచి మేకలు దిగాయి. ఆ తర్వాత బస్తాలు ఒక మూలకి జరిగాయి. ఆ తర్వాత చిరిగిన వలలన్నీ ఇళ్ళ కప్పులెక్కాయి.

పిలుపు మాత్రం వరహాలమ్మ గడప దగ్గర ఆగిపోయింది. మొగుడు పోయిన ఆడదానికి ఆ రోజుల్లో బొట్టు పెట్టేవారు కాదమ్మా. బొట్టు లేదంటే పిలుపు లేదు. ఆవిడ కోడిని ఒళ్ళో పెట్టుకుని వాకిట్లో కూచుంది. సముద్రం అప్పటికే ఏట్లోకి ఎదురెక్కుతోంది.

"లే అత్తా, వెళదాం."

"నన్నెవరు పిలిచారే? పిలవని పేరంటానికి నేను రాను. పో."

నూకరత్నం ఒక్క క్షణం నించుంది. భరిణె మూత తీసింది. ఆవిడ నుదుట బొట్టు పెట్టేసింది.

ఏమయిందంటావు? ఏమీ అవలేదు. ఆకాశం విరిగి మీద పడలేదు. కోడి కొక్కొక్కో అంది, అంతే.

వరహాలమ్మ నుదుటి బొట్టు వేలితో తడిమి చూసుకుంది. ఆ తర్వాత, "దీనికీ పెట్టు మరి. ఇది లేకుండా నేను రాను" అంది.

కోడికీ పెట్టింది. పోలయ్య ఆవిడని వీపున మోశాడు. నూకరత్నం కర్రనీ కోడినీ మోసింది.

గాలి వచ్చింది. వాన వచ్చింది. ఏరు వచ్చింది. మేడ స్తంభాల మధ్య నీళ్ళు సుడి తిరిగాయి. పైన ఊరంతా ఎండుచేపల కంపులో ఒకరినొకరు ఆనుకుని కూచుని అటుకులు తింది. మనుషులందరూ మిగిలారు.

నీళ్ళు తీశాక దిగి చూస్తే, వల కట్టిన కప్పులు కొన్ని నిలిచాయి, కొన్ని పోయాయి. వరహాలమ్మ ఇల్లు ఉండాల్సినచోట ఏరు ఉంది. ఆవిడ అటే చూస్తూ నించుంది. కోడి బొట్టు ఎప్పుడో రాలిపోయింది. ఆవిడ తన బొట్టు తుడుచుకోలేదు.

ఆ తర్వాత అందరూ కలిసి ఆవిడకి మెరక మీద ఇల్లు కట్టారు.

మరుసటి ఏడు, ఇంకా గాలి తూర్పుకి తిరగకముందే, నూకరత్నం వాకిట్లో కర్ర చప్పుడయింది. వరహాలమ్మ. చేతిలో కుంకుమ భరిణె.

"చుట్టం వస్తున్నాడా అత్తా?" అంది నూకరత్నం.

"చుట్టమేమిటే, తుఫాను కాలం" అంది వరహాలమ్మ, వీధంతా వినబడేలా. "కప్పు బిగించావా లేదా?"

నూకరత్నం లోపలికెళ్ళి ఉప్పుగల్లు పట్టుకొచ్చింది. "ఏదీ, నోరు తెరు" అంది.

వరహాలమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పులుసులో వేసుకోవే. దండగ చెయ్యకు" అని, నూకరత్నానికి బొట్టు పెట్టి, పక్క గడపకి వెళ్ళింది.

కథ కంచికి,
గాలి కడలికి,
కోడి గంపకి,
మనం నిద్దరకి.