ఏటి రేవు జేగంట

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో, కంచు పోతపోసే ఇల్లు ఒకటి ఉండేదమ్మా. ఆ ఇంటికి కొత్తగా కోడలు వచ్చింది. పేరు కామాచ్చి. పుట్టిల్లు కమ్మరి వాళ్ళది, కత్తులూ కొడవళ్ళూ చేసే ఇల్లు. ఆ పిల్లకి నడక కంటే ముందు తిత్తి కొట్టడం వచ్చిందనేవారు. తిత్తంటే కొలిమికి గాలి కొట్టే తోలుసంచి. మా వీధిలోనూ ఒకటి ఉండేది. ఆ వాసనకి ముక్కు మూసుకుని పరిగెత్తేదాన్ని. సరే, కథలోకి వద్దాం.

ఆ ఊళ్ళో పుష్యమాసం మంచు పడితే ఎదుటి మనిషి కనపడడు. రేవులో జేగంట, అంటే వేలాడగట్టిన కంచు బిళ్ళ, కొడుతుంటే, ఆ మోత పట్టుకుని పడవలు ఒడ్డుకి చేరేవి. ఆ ఏడు జేగంట పగిలిపోయింది. చెయ్యాల్సిన మామగారు పోతులూరయ్యేమో భుజం విరిగి మంచం మీదున్నాడు. మొగుడు గిన్నెలు అమ్మడానికి పై ఊళ్ళకి పోయాడు.

అప్పుడు పడవ నడిపే సింహాద్రి వచ్చాడు. "మా అమ్మాయి పురిటికొచ్చింది. మంత్రసాని గౌరమ్మది అవతలి ఒడ్డు. గంట లేకుండా మంచులో పడవ వేసి ఆమెను తెచ్చేదెలా?" అన్నాడు.

"నేను చేస్తాను" అంది కామాచ్చి.

"కొడవలి కాదమ్మాయ్, కంచు" అంది అత్తగారు ఈశ్వరమ్మ.

"నిప్పు ఒకటేగా అత్తా."

రాగీ తగరమూ కరిగించి పోసింది. ఎర్రగా కాల్చి బిళ్ళలా సాగగొట్టింది. ఎర్రటి ఇనుమును నీళ్ళలో ముంచితే పెళుసవుతుంది, బూడిదలో మెల్లగా చల్లారిస్తే మెత్తబడుతుంది. అది ఆమె పుట్టింటి విద్య. అందుకని గంటను బూడిదలో పూడ్చింది. తెల్లారి కొయ్యసుత్తితో ఒక్కటి కొడితే రెండు ముక్కలైంది.

ఆ తర్వాత ముక్కలు కరిగించి మళ్ళీ పోసింది. ఇంకా మెల్లగా చల్లారాలని ఊకనిప్పులో రెండు రోజులు ఉంచింది. ఈసారి మూడు ముక్కలు.

"గిన్నెలకి మూతలైనా చేద్దామా?" అంది ఈశ్వరమ్మ.

మూడోసారికి బొగ్గు ఒక్క కొలిమికే మిగిలింది. ఆ రోజు కోడికూతకే ఏరంతా మంచు కమ్మింది. సింహాద్రి కూతురికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది.

ఆ ఇంట్లో కొత్త కోడలు ఏడాది దాకా మామగారి ఎదుట నోరు విప్పకూడదు. ఏం కావాలన్నా అత్తగారితో చెప్పించాలి. కామాచ్చి వెళ్ళి గుమ్మం పక్కన నిలబడింది. "మామయ్యా, నా తప్పెక్కడుంది?" అంది.

"నాతో చెబితే నేనడగనా?" అంది ఈశ్వరమ్మ.

"నువ్వడిగి, ఆయన చెప్పి, నువ్వు మళ్ళీ నాకు చెప్పేసరికి ఆ బిడ్డకి పేరు కూడా పెట్టేస్తారత్తా."

పోతులూరయ్య భుజం పట్టుకుని నవ్వాడు. "ఎలా చల్లారుస్తున్నావు?"

"బూడిదలో."

"కంచుకి అంతా తిరగేసి చెయ్యాలి తల్లీ. ఎర్రగా ఉండగానే నీళ్ళలో ముంచాలి. మా ఇంట్లో పసివాళ్ళకి కూడా తెలుసు కదా అని నీకు చెప్పలేదు. తప్పు నాది."

ఎందుకలాగని మీ తాతయ్యని అడిగాను. ఎప్పుడో కాలేజీలో చదివిన కెమిస్ట్రీ ఆయనకింకా గుర్తే, కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మాత్రం గుర్తుండదు. రాగిలో కంటికి కనపడని పరమాణువులు పెళ్ళి బంతిలో జనంలా వరసల్లో కూర్చుంటాయట. వాటి ఎలక్ట్రాన్లు కొన్ని ఎవరి సొత్తూ కావు, అందరికీ ఉమ్మడి. అందుకని ఒక వరస జరిగినా పట్టు తెగదు, రాగి వంగుతుందే గానీ విరగదు. తగరం పరమాణువు కాస్త లావుపాటిది. వచ్చి మధ్యలో ఇరుక్కుంటే వరసలు అంత తేలిగ్గా జరగవు. అందుకే కంచు గట్టిది, ఖంగుమంటుంది. అయితే మెల్లగా చల్లారిస్తే రెండూ తీరిగ్గా సర్దుకుని, మరీ బిగిసి కూర్చుంటాయి. అప్పుడు దెబ్బ పడితే జరగలేక చిట్లిపోతాయి. నీళ్ళలో ముంచితే బిగుసుకునే వ్యవధే ఉండదు. మరి ఇనుమో? అందులో చిట్టి బొగ్గు పరమాణువులుంటాయి. నీళ్ళలో ముంచితే అవి సందుల్లోంచి బయటపడలేక చిక్కుకుంటాయి, అందుకని అది పెళుసు. ఎవరి కూర్పు వారిదమ్మా.

అప్పుడు కామాచ్చి మూడోసారి పోసింది, కాల్చింది, సాగగొట్టింది. ఎర్రటి గంటను పటకారుతో నీళ్ళతొట్టి మీద పట్టుకుంది. చెయ్యి కిందికి దిగలేదు. చిన్నప్పటి నుంచీ పగిలిపోతుందని నేర్చుకున్న పని మరి.

ఈశ్వరమ్మ వచ్చి పటకారు మీద తనూ చెయ్యి వేసింది. "ముంచవే. పగిలితే తిట్లు ఇద్దరం పంచుకుందాం."

ముంచారు. సుయ్యిమని ఆవిరి లేచింది. తీసి కొడితే ఇంటి చూరు దాకా మోగింది.

సింహాద్రి పడవ తీశాడు. కోడలు అలిసిపోతే అత్తా, అత్త అలిసిపోతే కోడలూ రేవులో గంట కొడుతూనే ఉన్నారు. చాలాసేపు మంచు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత నీళ్ళ చప్పుడు. ఆ తర్వాత తెడ్డు చప్పుడు. ఆ తర్వాత మంత్రసాని గౌరమ్మ గొంతు: "వచ్చేశాం, ఇక ఆపండే, చెవులు పోతున్నాయి."

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆడపిల్ల పుట్టింది. గంట కంటే గట్టిగా ఏడ్చిందట.

పడవేమో రేవుకి,
పాపేమో ఒడికి,
కథేమో కంచికి,
మన కళ్ళేమో నిద్దరకి.