విభూతిగుట్ట పత్రి బతికిన వైనం

విభూతిగుట్టకు వచ్చే భక్తులకు గుడి కంటే ముందు వాసన ఎదురొస్తుంది. మెట్ల మలుపు తిరగగానే కర్పూరమూ మిరియమూ కలిపి నలిపినట్టు ఒక ఘాటైన గాలి ముక్కుకు తగులుతుంది. పైన మల్లేశ్వరస్వామి గర్భగుడి ఎదుట, బండ నెర్రెలో నడుమెత్తు పొద ఒకటి ఉంది. బూడిద పూసినట్టుండే ఆకులు, వాటి మధ్య నిటారుగా లేచిన నీలిపూల వెన్నులు. దీనిని విభూతి పత్రి అంటారు. ఇక్కడ స్వామికి మారేడు కన్నా ముందు పడేది ఈ పత్రే. ఇక్కడిచ్చే కొమ్మను ఇంటికి పట్టుకెళ్లి, ప్రేమగా పెంచి, మూడుసార్లు చంపుకున్నవాడే ఈ స్థల పురాణం రాస్తున్నాడు. కనుక మొక్కల సంగతిలో అతని మాట వదిలేసి, స్వామి మాటే ప్రమాణంగా తీసుకోవలసిందిగా మనవి.

పూర్వం ఇక్కడ ఉత్త బండ తప్ప పచ్చన అన్నది లేదు. ఆ బండ మీద ఒక ముని పన్నెండేళ్లు తపస్సు చేయగా, ఆయన నుదుటి నుంచి రాలిన విభూతి నెర్రెలో పడి ఈ మొక్కగా మొలిచిందట. వెళుతూ వెళుతూ ఆయన, స్వామి పూజ చూసుకునే తంబళి కుటుంబంతో ఒక్క మాట అన్నాడు: "ఇది బతికి ఉన్నన్నాళ్లే స్వామి ఈ గుట్ట మీద ఉంటాడు." ఎలా పెంచాలో మాత్రం చెప్పలేదు. మునులకు అలాంటి చిన్న విషయాలు గుర్తుండవు.

చాలా తరాలకు ఆ చిక్కు రాలేదు. తంబళ్లు పత్రి కోసుకునేవారు, పూజ చేసుకునేవారు, మొక్కవంక చూసేవారే కారు. అది హాయిగా పూసేది. తరువాత వంతు చెన్నవీరయ్యకు వచ్చింది. దీపం పెట్టి తలుపు మూసి, దీపం పెట్టానా లేదా అని మూడుసార్లు తలుపు తీసే మనిషి ఆయన.

ఒక వైశాఖంలో ఆ మొక్కకు ఒక ఆకు పండింది. చెన్నవీరయ్య పరుగున మెట్లు దిగాడు. గుట్ట కింది చెలమ నుంచి చెంబెడు నీళ్లు తెచ్చి పోశాడు. మర్నాడు రెండు ఆకులు పండాయి, రెండు చెంబులు పోశాడు. అదీ చాలలేదని అభిషేకజలం నేరుగా మొక్క మొదట్లోకి పారేలా బండలో చిన్న కాలువ చెక్కాడు. స్వామిని తడిపిన నీళ్లు చెడుపు చేస్తాయని ఎవరు మాత్రం అనుకుంటారు? భాద్రపదం వచ్చేసరికి మొదలు నల్లబడింది, వెన్నులు తలలు వేలాడేశాయి.

"ఏం చెన్నవీరయ్యా, స్వామిని సాగనంపుతున్నావా?" అని వచ్చినవారల్లా అడిగేవారు. ఆయనకు తిండి సయించలేదు. గర్భగుడిలోకి వెళ్లి, లింగం మీద చెయ్యి వేసి, "ఇంకా ఉన్నావా తండ్రీ?" అని అడిగి బయటికొచ్చేవాడు. ఇంకో చెంబు పోసేవాడు.

ఒక మధ్యాహ్నం పూజ ముగిశాక, ఖాళీ చెంబు గుండెల మీద పెట్టుకుని స్తంభం పక్కన కునుకు తీశాడు. కలలో స్వామి కనిపించాడు. జడల నుంచి నీళ్లు కారుతున్నాయి. పాదాలు నాని ముడతలు పడ్డాయి. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"ఒరే, నెత్తిన నీళ్లు పడటం నాకు అలవాటే. బండ మీద పుట్టినదాన్ని బురదలో నిలబెట్టావేమిరా? వేళ్లు కుళ్లిపోతున్నాయి."

"భయం స్వామీ!"

"నీ భయాన్నంతా అదెన్ని చెంబులని తాగుతుంది? కాలువ పూడ్చు. మొదట్లో బురద తీసి గులకరాళ్లు పొయ్యి. వాడిన కొమ్మలన్నీ జానెడు మిగిల్చి కోసెయ్. పదకొండు రోజులు దాని జోలికి వెళ్లకు."

చెన్నవీరయ్య లేచి అన్నీ చేశాడు. కోయడం అయ్యాక చూస్తే మిగిలినవి నాలుగు పుల్లలు. నా చేతులతో నేనే చంపానా అన్న అనుమానం పట్టుకుంది. సాయంత్రానికల్లా మళ్లీ మెట్లెక్కుతూ భార్య బసమ్మకు దొరికిపోయాడు.

"ఎక్కడికి?"

"ఊరికే. చూసొద్దామని."

"చెంబుతోనా?"

బసమ్మ ఆయన ఉత్తరీయంతోనే ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టేసింది. పూజ వేళకు విప్పేది, పూజ కాగానే కట్టేది. అన్నం తానే కలిపి పెట్టేది. చేసేదేమీ లేక చెన్నవీరయ్య ఆ పుల్లల చుట్టూ తిరుగుతూ ఉండేవాడు. ఆరోనాడు ఒక పుల్ల గాలికి విరిగి పడింది. ఆయన కూలబడి భోరుమన్నాడు.

"పోయింది బసమ్మా. స్వామి వెళ్లిపోయాడు."

బసమ్మ వంగి, నిలిచి ఉన్న మూడింటిలో ఒక పుల్లను గోటితో గీకింది. లోపల పచ్చగా ఉంది. "ఇదిగో, ప్రాణముంది. ఇక ఏడుపాపు. ఆ నీళ్లు కూడా దాని మొదట్లోనే పడుతున్నాయి."

పదకొండోనాటి ఉదయం ఆ పుల్లకు ఎలుక చెవులంత రెండు బూడిదరంగు ఆకులు వచ్చాయి. బసమ్మ కట్టు విప్పింది. చెన్నవీరయ్య చేతులు ముందుకు తెచ్చుకుని చూసుకున్నాడు. అవి చెంబు పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. వాటిని మళ్లీ వెనక్కి పెట్టుకుని, "ఇంకొన్నాళ్లు ఉండనీవే" అన్నాడు.

ఆ కార్తీకానికి మూడే వెన్నులు పూశాయి. స్వామికి ఆ మూడూ చాలాయి. గుట్ట దిగలేదు.

నేటికీ ఈ పొదకు ఎవరూ నీళ్లు పోయరు. దాని చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేతులు వెనక్కి కట్టుకునే చేయాలి. బిడ్డ పరీక్ష రాసి వచ్చాక ఫలితం కోసం చూసే తల్లులు, కూతురిని కాన్పుకు చేర్చిన తండ్రులు, విత్తనం వేసి మబ్బుకేసి చూసే రైతులు, చేయవలసింది చేశాక కూడా చెయ్యి ఊరుకోనివారంతా ఇక్కడికి వస్తారు. స్వామి వారి కోరిక తీరుస్తాడని, అంతకంటే ముందు వారికి నిద్ర పట్టిస్తాడని నమ్మకం. ప్రదక్షిణలయ్యాక చేతులెప్పుడు విప్పాలో ఎవరూ చెప్పరు. కొందరు ధ్వజస్తంభం దగ్గరే విప్పుతారు. కొందరు బస్సు దాకా అలాగే నడుస్తారు. అలాంటివారికి కండక్టరే చెయ్యి అందిస్తాడు.