తెల్ల తలపాగాల లెక్క

ఒక రాజుకి తలలో డప్పులు మోగేవి. పగలూ రాత్రీ ఒకటే మోత. అన్నం సయించదు, కన్ను మూతపడదు, ఎదుటివాడు మంచిమాట చెప్పినా తిట్టినట్టే వినిపిస్తుంది. పదేళ్ళు అలా నరకం పడ్డాక ఒక వైద్యురాలు వచ్చి ఆకు కషాయం ఇచ్చింది. మూడో రోజుకి మోత ఆగిపోయింది. రాజు చంటిపిల్లాడిలా నిద్రపోయాడు.

"ఒక్కటే చిక్కు," అంది వైద్యురాలు మంత్రితో. "ఈ కషాయం ఘాటు మీ తెల్ల తలపాగాల కాపలావాళ్ళకి పడకపోవచ్చు. పడకపోతే మూట సర్దుకుని పోతారు. ప్రతి సోమవారం వాళ్ళని లెక్కపెట్టి నాకు చెప్పండి. కాపలా పలచబడితే తలుపు బాగోగులు చూసేవాళ్ళుండరు, అందుకే కోట తలుపు కిర్రుమన్నా సరే, ఆ క్షణమే కబురు పెట్టండి."

"అదెంత పని!" అన్నాడు మంత్రి.

నిజమే, ఎంత పని చెప్పండి? తలలు లెక్కపెట్టడం. గొర్రెల కాపరి రోజూ చేసేదే.

మొదటి సోమవారం వెయ్యిమంది ఉన్నారు. నెల తిరిగేసరికి ఆరువందలు. మంత్రి గుండెల్లో రాయి పడింది. లెక్క చెబితే ఆవిడ కషాయం ఆపేస్తుంది, ఆపితే మోత మళ్ళీ మొదలు. ఆ పదేళ్ళూ రాజు పక్కన కూర్చుని ఏడ్చినవాడు ఈ మంత్రే. ప్రేమ ఉన్నవాడే, కాదనను. ప్రేమ ఉంటే చాలా, బుర్ర ఉండొద్దూ? వంటవాళ్ళకీ తోటమాలులకీ తెల్ల తలపాగాలు చుట్టి వరసలో నిలబెట్టాడు. "వెయ్యి!" అని కబురంపాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

తర్వాత ఓ రోజు కోట తలుపు కిర్రుమంది. "ఈమాత్రానికి ఆవిడని పిలవాలా?" అని బందుల్లో నువ్వులనూనె పోయించాడు. చప్పుడు ఆగింది. ఆగింది చప్పుడే కదయ్యా మహానుభావా!

వారం వారం అదే వెయ్యి వినీ వినీ వైద్యురాలికి అనుమానం వచ్చింది. తనే బయల్దేరి వచ్చి వరసలో ఒకణ్ణి ఆపింది.

"నీ ఈటె ఏదయ్యా?"

"గరిటె ఉందమ్మా," అన్నాడు వాడు.

ఆవిడ నెత్తి కొట్టుకుంది. "అసలువాళ్ళు ఎంతమంది?"

"ఇరవై," అన్నాడు మంత్రి తల దించుకుని. "వాళ్ళూ జబ్బుపడి మంచం మీదున్నారు."

"మొదట్లోనే చెబితే వేరే ఆకు చూసేదాన్ని కదయ్యా! లోకంలో ఇదొక్కటే ఆకా?"

ఆ మాట అడగాలని మంత్రికి ఒక్కసారీ తోచలేదు.

గొడవ విని రాజు బయటికొచ్చాడు. "నా దగ్గరెందుకు దాచావు?"

"మీరు నిద్రపోతున్నారు ప్రభూ. లేపబుద్ధి కాలేదు."

అంతలో దారిలో ఒక దొంగ కనిపించాడు. గుర్రం లేదు, కత్తి లేదు. బక్కప్రాణి, దగ్గుకుంటూ వస్తున్నాడు. అలాంటివాళ్ళని కాపలావాళ్ళు రోజుకి పదిమందిని కసిరి తోలేవాళ్ళు. రాజు చెవిదాకా వచ్చేది కూడా కాదు.

"తలుపులు మూయండి!" అని అరిచాడు రాజు.

తొమ్మిదివందల ఎనభైమంది ఎగబడి పరిగెత్తారు. తలుపులైతే మూశారు. గడియ ఎలా వెయ్యాలో తెలిసినవాడు వాళ్ళలో ఒక్కడూ లేడు.

రాజు వెళ్ళి తన వీపు తలుపుకి ఆనించి నిలబడ్డాడు. అవతల దొంగ తీరిగ్గా కూర్చున్నాడు. వాడికి తొందరేం లేదు.