గదికి మించిన బల్ల

మేడికొండ సంస్థానాన్ని ఏలే జగ్గభూపతికి ఓ శ్రావణమాసంలో పాటలు కట్టాలని బుద్ధి పుట్టింది. మాటా తనే రాయాలి, వీణ మీద వరసా తనే కట్టాలి. కొలువులోని గోలలో అది అయ్యే పని కాదని మేడ మీద మూలగదిని ఎంచుకున్నాడు. గది మరీ చిన్నది. పొడుగాటి మనిషి పడుకుంటే తల ఓ గోడకీ, పాదాలు ఇంకో గోడకీ తగులుతాయి. కానీ కిటికీ తీస్తే కొండగాలి.

"ఈ గదికి తగిన రాతబల్ల చూసిపెట్టినవారికి నా మెడలోని ముత్యాలపేరు" అన్నాడు రాజు.

ఆస్థానకవి అనంతభట్టుకి బల్ల ఎంత పెద్దదైతే కవి అంత పెద్దవాడని నమ్మకం. సింహం కాళ్లతో, అంచుల నిండా దంతపు పనితో టేకుబల్ల ఒకటి చేయించి సభలో పెట్టించాడు. రాజు దాని చుట్టూ తిరిగి మురిసిపోయాడు. గదిలో పట్టదేమోనని ఎవరో నసిగితే, పక్కగోడ పడగొడితే సరి అన్నాడు భట్టు. రాజు సరేనని తలూపాడు.

ఆ గోడ అవతల అచ్చమాంబ ఉంటుంది. రాజుగారి తల్లికి వీణ నేర్పిన ముసలావిడ. ఆవిడని ఏనుగుసాల పక్క కొట్టంలోకి మార్చమని ఉత్తర్వు అయింది.

ఆ కబురు చెప్పే పని రాజుగారి చెలికాడు గవరయ్య మీద పడింది. రాళ్లని కూడా నవ్వించగలడని పేరున్నవాడు ఆ రోజు తల వంచుకుని కబురు చెప్పాడు. ఆవిడ అంతా విని ఒక్కటే అడిగింది.

"అక్కడ చెమ్మ ఉంటుందా నాయనా? వీణ పాడవుతుంది."

గవరయ్యకి ఆ పూట అన్నం సయించలేదు. వద్దంటే రాజు పంతానికి పోతాడు. నవ్విస్తే తప్ప దిగిరాడు. మర్నాడు పొద్దున్నే వెళ్లి, వీణకి అప్పుడే గుడ్డ చుట్టొద్దమ్మా, మధ్యాహ్నం దాకా ఆగమని ఆవిడని బతిమాలుకున్నాడు. అక్కణ్నుంచి రాజు దగ్గరికి నడిచాడు. గోడ ఏ మేరకి కొట్టాలో తెలియాలంటే ముందు బల్లని గదిలో వేసి చూడాలి కదా అని విన్నవించుకున్నాడు. రాజుకి అది సబబుగానే తోచింది.

తర్వాత భట్టుని పట్టుకుని, అంతటి బల్ల ముందు మొదట కూర్చోవలసింది తమరే కదా అన్నాడు. భట్టు పొంగిపోయాడు. జరీ తలపాగా చుట్టుకుని వచ్చి, కిటికీ కింద ఎత్తుపీట మీద దర్జాగా కూర్చున్నాడు. వడ్రంగులు బల్లని ముక్కలుగా లోపలికి చేరేసి, ఆయన ముందే బిగించి బయటికొచ్చేశారు. బల్ల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నిండిపోయింది.

అప్పుడు రాజు గుమ్మంలోకి వచ్చాడు.

రాజు నిలబడి ఉండగా ఎవరూ కూర్చోకూడదు. భట్టు లేవబోతే పొట్టకి బల్ల అడ్డు. పక్కకి జరగబోతే గోడ. చేసేది లేక బల్ల కిందికి దూరాడు. తలపాగా సింహం కాలికి తగులుకుని అక్కడే ఉండిపోయింది. పిలక ఊగుతూండగా మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చి, రాజుగారి పాదాల దగ్గర తేలాడు.

"భట్టుగారికి మా మీద ఇంత భక్తి ఉందని తెలీదే" అన్నాడు రాజు.

గవరయ్య చేతులు కట్టుకున్నాడు.

"భక్తి కాదు ప్రభూ, దారి. పాట రాసి బయటికి రావాలంటే తమకైనా ఇదే దారి."

రాజు మీసాల కింద నవ్వు మెదిలింది. భట్టు దుమ్ము దులుపుకుంటూ, అందుకే కదా గోడ పడగొట్టమన్నాను అన్నాడు. న్యాయమేనన్నాడు గవరయ్య. కూలీలు వచ్చేలోగా ఇంకో బల్ల కూడా ఏలినవారు చూడాలని, పెద్దదాన్ని విప్పించి చిన్నదొకటి తెప్పించాడు.

అది మోకాలెత్తు, మూరన్నర పొడవు. పైన కాస్త వాలు, కలానికీ సిరాబుడ్డికీ ఓ గాడి. కిటికీ కింద వేస్తే, చాప పరిచి వీణతో కూర్చోవడానికి కావలసినంత చోటు మిగిలింది. రాజు బాసింపట్టు వేసుకుని వీణ ఒళ్లోకి తీసుకున్నాడు. పల్లవి తోచగానే వీణ దించకుండానే చెయ్యి చాపి రాసుకున్నాడు. ఆయన ముఖం విప్పారింది. రాసినదాన్ని మీటి చూసుకున్నాడు. ఒకచోట గాంధారం జారింది.

గోడ అవతల అచ్చమాంబ చెవి ఊరుకుంటుందా? అదే వరస అటునుంచి వినిపించింది. గాంధారం ఉండాల్సిన చోటే ఉంది. రాజు ఉలిక్కిపడి మళ్లీ మీటాడు. మళ్లీ జారింది. గోడ మళ్లీ ఓపిగ్గా దిద్దింది. ఈసారి స్వరం రాజు వేలికి చిక్కింది. చంటిపిల్లాడిలా సంబరపడిపోయి గవరయ్య వైపు తిరిగాడు.

"ఎవరది?"

"గోడ, ప్రభూ. భట్టుగారు పడగొట్టమన్న గోడ."

రాజు పకపకా నవ్వాడు. ఆ నవ్వుకి ఒళ్లో వీణ తీగలు జుమ్మన్నాయి. గుమ్మంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. తలపాగా కోసం వెతుక్కుంటున్న భట్టుకి కూడా నవ్వాగలేదు. అచ్చమాంబ గది అచ్చమాంబదేనని రాజు అక్కడికక్కడే చెప్పి, సింహం కాళ్ల బల్లని కూరలు తరుక్కోవడానికి వంటశాలకి పంపించమన్నాడు. మెడలోని ముత్యాలపేరు తీసి, వీణ దించకుండానే, కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి, ముందుకొచ్చి వంగిన గవరయ్య మెడలో వేశాడు.